ఈదురుగాలిలో హైవే ప్రయాణం: మోటారుసైకిలు నడిపేవారికి సమగ్ర మార్గదర్శి

ఆషాఢం మొదటి వారంలో ఒకసారి హైదరాబాదు నుంచి అనంతపురం బయలుదేరాను. జడ్చర్ల దాటేసరికి పడమటి గాలి అందుకుంది. గంటకు పైగా కుడివైపు నుంచి ఆగకుండా తోస్తూనే ఉంది. బండిని కొద్దిగా కుడికి వాల్చి నడపడం అలవాటైపోయింది. వాల్చి నడుపుతున్నానన్న సంగతే మరిచిపోయాను. పెబ్బేరు దాటాక వరిగడ్డి ఎత్తుగా నింపుకున్న లారీ ఒకటి కుడివైపు నుంచి నన్ను దాటుతూ పక్కకు వచ్చింది. గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. గాలి పోయినా వాలు అలాగే ఉంది కదా, బండి నేరుగా లారీ వెనుక చక్రాల వైపు జరిగింది. కంగారుపడి ఎడమకు లాగాను. సరిగ్గా అప్పుడే లారీ ముందుకు వెళ్లిపోయింది, అడ్డు తొలగిన గాలి వచ్చి ఎడమకే తోసింది. తెల్లగీత దాటి, మట్టి అంచు మీద ఇరవై అడుగులు పోయాక గాని బండి నా చేతికి రాలేదు.

బీచుపల్లి వంతెనకు ముందు ఒక టీ కొట్టు దగ్గర ఆగి, చేతుల వణుకు తగ్గేదాకా కూర్చున్నాను. అప్పుడు తెలిసింది. నిలకడగా వీచే గాలికి మనిషీ బండీ రెండూ అలవాటు పడతాయి. పడేసేది గాలిలో వచ్చే మార్పు. ఉన్న గాలి ఆగిపోవడం, లేని గాలి మొదలవడం, దిక్కు మారడం, ఈ మూడు క్షణాల్లోనే ప్రమాదం ఉంటుంది. ఆ క్షణాలు ఎక్కడ వస్తాయో రోడ్డు చాలావరకు ముందే చెబుతుంది. దాన్ని చదవడం నేర్చుకుంటే ఈదురుగాలిలో నడపడం సగం వచ్చినట్టే. ఈ మార్గదర్శి అంతా ఆ చదువు చుట్టూనే తిరుగుతుంది.

గాలి ఎంత బలంగా తోస్తుంది?

గాలి వేగం రెట్టింపైతే దాని తోపు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. గంటకు 40 కిలోమీటర్ల గాలి తనకు అడ్డంగా ఉన్న ప్రతి చదరపు మీటరు మీద సుమారు ఏడున్నర కిలోల బరువుతో నొక్కుతుంది. 60 కిలోమీటర్ల గాలైతే అదే చోట 17 కిలోలు. 80 దగ్గర 31 కిలోలు. మనిషీ బండీ కలిసి పక్కనుంచి చూస్తే దాదాపు ఒక చదరపు మీటరు, పెట్టెలూ సంచులూ ఉంటే ఇంకా ఎక్కువ. 40 కిలోమీటర్ల గాలిని సులువుగా తట్టుకున్నాను కదా, 60 అయితే మరికాస్త గట్టిగా పట్టుకుంటే సరిపోతుందనుకోవడం అందుకే పొరపాటు. ఆ 20 కిలోమీటర్ల తేడాలో తోపు రెండింతలు దాటిపోయింది.

మీ బండి వేగం కూడా ఈ లెక్కలో కలుస్తుంది. పక్కనుంచి వీచే గాలి, మీ వేగం వల్ల ఎదురుగా వచ్చే గాలి రెండూ కలిసి బండిని ఏటవాలుగా తాకుతాయి. బండి వేగంగా పోయేకొద్దీ ఆ కలయిక బలం పెరుగుతుంది. వేగం తగ్గిస్తే గాలి విసురు ప్రభావం నిజంగానే తగ్గుతుంది. మనసుకు ధైర్యం కోసం చెబుతున్న మాట కాదిది.

తేలికపాటి బండి ఎక్కువ కదులుతుంది. స్ప్లెండర్ వంటి బండి 112 కిలోలు, క్లాసిక్ 350 బుల్లెట్ 195 కిలోలు. కానీ బరువొక్కటే చూసుకుని ధీమా పడకండి. పక్కలంతా ప్లాస్టిక్ తొడుగులున్న స్పోర్ట్స్ బండి బరువుగా ఉన్నా గాలికి పెద్ద తడికలా అడ్డుపడుతుంది. ఖాళీ ఖాళీగా ఉండే మామూలు బండి లోంచి గాలి దూరిపోతుంది. చిన్న చక్రాల స్కూటర్ల మీద హైవే గాలిలో దూరప్రయాణం చేయవద్దని నా గట్టి సలహా.

ఏ కాలంలో, ఏ చోట

మన ప్రాంతంలో గాలికి మూడు ముఖాలున్నాయి. మొదటిది నైరుతి రుతుపవనాల గాలి, జూన్ నుంచి ఆగస్టు దాకా. రాయలసీమలో, పాలమూరు వైపు దీన్నే ఆషాఢం గాలి అంటారు. వాన పడకపోయినా రోజుల తరబడి పడమర, నైరుతి దిక్కుల నుంచి వీస్తుంది. 44వ జాతీయ రహదారి హైదరాబాదు నుంచి కర్నూలు, గుత్తి, అనంతపురం మీదుగా బెంగళూరుకు దాదాపు ఉత్తర దక్షిణాలుగా పోతుంది కాబట్టి ఈ గాలి దారి పొడవునా పక్కనుంచే తగులుతుంది. వెళ్లేటప్పుడు కుడినుంచి తోసి రోడ్డు అంచుకు నెడుతుంది. తిరిగి వచ్చేటప్పుడు ఎడమనుంచి తోసి డివైడర్ వైపు, వేగంగా వచ్చే కార్ల వరుసలోకి నెడుతుంది. రెండోది ఇంకా ప్రమాదం. వెళ్లేటప్పుడు ఇబ్బంది లేదు కదా అని తిరుగు ప్రయాణాన్ని తేలిగ్గా తీసుకోకండి.

ఎక్కడ గాలి బలంగా ఉంటుందో గాలిమరలు చెబుతాయి. అనంతపురం దాటి పెనుకొండ వైపు వెళ్తుంటే రామగిరి ప్రాంతంలో కొండల మీద గాలిమరలు కనిపిస్తాయి. కోట్లు ఖర్చుపెట్టి వాటిని అక్కడ నిలబెట్టారంటే అక్కడ గాలి ఉన్నట్టే. కన్యాకుమారి యాత్రకు వెళ్లే మనవాళ్లకు తిరునల్వేలి దాటాక ఆరల్వాయ్‌మొళి కనుమ చుట్టుపక్కల అసలైన పరీక్ష ఎదురవుతుంది. పడమటి కనుమల మధ్య ఖాళీ లోంచి గాలి గరాటులో పోసినట్టు దూసుకొస్తుంది. కోయంబత్తూరు దగ్గర పాలక్కాడ్ కనుమదీ అదే తీరు.

గాలికి రెండో ముఖం ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఉరుములతో వచ్చే గాలిదుమారం. పది నిమిషాల ముందు ఆకు కూడా కదలదు. తర్వాత మబ్బుల కింద నుంచి చల్లటి గాలి నేలను కొట్టి నలుదిక్కులకూ పరుగెత్తుకొస్తుంది. ఎటునుంచి వస్తుందో అంచనా అందదు. ఒంటికి హఠాత్తుగా చల్లగాలి సోకిందంటే మీ దగ్గర నిమిషాలే ఉన్నాయి. మూడోది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతపు వాయుగుండాలు, తుపానులు. 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్, 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ ఈ కాలంలో వచ్చినవే. తుపాను హెచ్చరిక ఉన్న రోజు తీరం వెంబడి పోయే 16వ జాతీయ రహదారి మీదకు మోటారుసైకిలు తీసుకువెళ్లడం గురించి చర్చే అక్కరలేదు. ఇంట్లో ఉండండి.

బయలుదేరే ముందు నిర్ణయం

వాతావరణ సూచన చూసేటప్పుడు సగటు గాలి వేగం దగ్గర ఆగిపోకండి. దాని పక్కనే విసురు వేగం, అంటే గాలి ఒక్కసారిగా ఎగసినప్పుడు అందుకునే వేగం, వేరుగా ఇస్తారు. భారత వాతావరణ శాఖ ప్రకటనల్లో గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల వేగంతో, అప్పుడప్పుడు 60 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు అని ఉంటే, మీకు కావలసిన అంకె ఆ 60. రెండు అంకెల మధ్య ఎంత ఎడముంటే గాలి అంత తెరలు తెరలుగా వస్తుందని అర్థం. 35 కిలోమీటర్ల నిలకడ గాలి కన్నా, 20 నుంచి 45కి ఎగిరి పడే గాలి బండికి కష్టం. శాఖ వారి మౌసమ్ యాప్‌లో పసుపు, నారింజ, ఎరుపు హెచ్చరికలు జిల్లాలవారీగా దొరుకుతాయి. విండీ వంటి యాప్‌లలో గంట గంటకూ విసురు వేగం చూడవచ్చు. మీరు ఆగబోయే ఊరి ఒక్కదాని అంకె చాలదు, దారిలోని మూడు నాలుగు చోట్లది చూడండి.

నేను పాటించే హద్దులివి. విసురు 35 లోపు ఉంటే మామూలుగా వెళ్తాను. 35 నుంచి 50 మధ్య అయితే ఒంటరిగా, తక్కువ సామానుతో, ప్రయాణానికి గంటో రెండు గంటలో అదనంగా పెట్టుకుని వెళ్తాను. 50 దాటితే హైవే ఎక్కను. 150 సీసీ బండి మీద కొత్తగా హైవేకు వస్తున్నవారు ఈ అంకెలన్నిటినీ పది చొప్పున తగ్గించుకోవడం మంచిది.

ఫోను చేతిలో లేకపోయినా చెట్లు చెబుతాయి. చిన్న చెట్లు మొత్తంగా ఊగుతుంటే గాలి 30 నుంచి 38 కిలోమీటర్ల మధ్య ఉంటుంది. పెద్ద కొమ్మలు ఊగుతూ, గొడుగు పట్టుకోవడం కష్టమవుతుంటే 39 నుంచి 49. పెద్ద చెట్లు మొదలంటా కదులుతూ, ఎదురు నడవడానికి ఒళ్లు వంచాల్సి వస్తే 50 దాటింది. రెమ్మలు విరిగి పడుతుంటే 62 దాటిందన్నమాట. ఇది నావికుల కోసం పుట్టిన బోఫోర్ట్ కొలమానం, రెండు వందల ఏళ్లుగా పనికొస్తోంది. హైవేకు ఎక్కే ముందు సర్వీసు రోడ్డు మీద ఆగి రెండు నిమిషాలు చెట్ల వైపు చూడటం నాకు అలవాటు.

సమయం మీ చేతిలో ఉన్న గొప్ప ఆయుధం. రుతుపవనాల గాలైనా, ఎండ వల్ల పుట్టే గాలైనా సాధారణంగా నేల వేడెక్కేకొద్దీ పెరిగి, మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఉధృతంగా ఉంటుంది. తెల్లవారుజామున అయిదింటికి బయలుదేరితే పది గంటల లోపు రెండు వందల కిలోమీటర్లు ప్రశాంతంగా దాటవచ్చు. అదే దూరం మధ్యాహ్నం పూట ఒళ్లు హూనం చేస్తుంది.

బండి, సామాను, బట్టలు

టైర్లలో గాలి కంపెనీ చెప్పిన అంకె దగ్గరే ఉండాలి. టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. తక్కువ గాలి ఉన్న టైరు పక్కతోపుకు మెత్తగా వంగి, బండి తేలుతున్నట్టనిపిస్తుంది. హ్యాండిల్ కోన్‌సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు, వదులుగా ఉందేమో మెకానిక్‌కు చూపించండి. సెంటర్ స్టాండు వేసి, ముందు చక్రాన్ని నేలనుంచి లేపి, ఫోర్కులను ముందుకూ వెనక్కూ కదిపితే టక్కుమంటే అది పోయినట్టే. మామూలు రోజుల్లో ఆ లోపం తెలియదు, గాలిలో హ్యాండిల్ వణుకుగా బయటపడుతుంది. వెనుక చక్రాన్ని పట్టుకుని పక్కలకు కదిపితే ఆట ఉందా అన్నది కూడా అప్పుడే చూడండి.

వెనుక ఎత్తుగా బిగించే పెట్టె గాలిలో మంచిది కాదు. అది చక్రం వెనుక, ఎత్తులో ఉంటుంది కాబట్టి గాలి దాన్ని తోసినప్పుడల్లా బండి ముందు భాగం తేలికై అటూ ఇటూ ఆడుతుంది. గాలి రోజుల్లో దాన్ని విప్పేసి, బరువైన సామాను ట్యాంకు మీది సంచిలో, సీటుకు దగ్గరగా, కిందుగా కట్టుకోండి. సాగే రబ్బరు తాళ్లను మాత్రమే నమ్మకండి. గాలికి సంచి ఊగి ఊగి తాడు జారి, చక్రంలో చుట్టుకున్న సందర్భాలు చూశాను. బకిల్ ఉన్న పట్టీతో బిగించి, మిగిలిన కొసను ముడివేయండి.

ముఖమంతా మూసే హెల్మెట్ తప్పనిసరి. దుమ్ము కంట్లో పడిన ఆ రెండు సెకన్లలో 80 కిలోమీటర్ల వేగంతో బండి 44 మీటర్లు వెళ్తుంది. నోటి దగ్గర తెరుచుకునే హెల్మెట్లు, ముందుకు పొడుచుకొచ్చిన టోపీ అంచు ఉన్నవి తలను గుంజేస్తాయి. చెవుల్లో దూది గాని, చెవి మూతలు గాని పెట్టుకుంటే గాలి హోరు తగ్గి అలసట చాలా తగ్గుతుంది. జాకెట్టు ఒంటికి అతుక్కుని ఉండాలి. వదులు రెయిన్‌కోటు తెరచాపలా ఉబ్బి భుజాలను లాగుతుంది.

హ్యాండిల్ ముందు: కూర్చోవడం, పట్టుకోవడం

భయపడిన మనిషి మొదట చేసే పని హ్యాండిల్‌ను బిగించి పట్టుకోవడం. గాలిలో అన్నిటికన్నా చెరుపు చేసేది ఆ అలవాటే. గాలి మీ ఛాతీని, భుజాలను తోస్తుంది. చేతులు కర్రల్లా బిగుసుకుని ఉంటే ఆ తోపు నేరుగా హ్యాండిల్‌కు చేరుతుంది, అంటే గాలి మీ చేత్తోనే బండిని తిప్పుతుంది. మోచేతులు వంచి వదులుగా ఉంచితే తోపు మీ నడుము దగ్గరే ఆగిపోతుంది.

అందుకని పట్టు చేతులనుంచి మోకాళ్లకు మార్చండి. రెండు మోకాళ్లతో ట్యాంకును గట్టిగా అదమండి. నడుము నుంచి కొద్దిగా ముందుకు వంగండి, పొత్తికడుపు బిగించండి. అప్పుడు చేతులకు బరువు మోసే పని ఉండదు. అరచేతుల్లో గ్రిప్పు పిచ్చుకను పట్టుకున్నంత మెత్తగా ఉండాలి. ప్రతి అయిదు నిమిషాలకూ ఒకసారి రెండు మోచేతులను రెక్కల్లా ఆడించి చూసుకోండి. ఆడకపోతే మీరు బిగుసుకున్నట్టు. ఆ బిగువు తెలియకుండానే వస్తుంది, ముఖ్యంగా లారీల మధ్య.

చూపు దూరంగా ఉండాలి. ముందు చక్రం దగ్గర చూస్తూ నడిపితే ప్రతి చిన్న కదలికా పెద్ద ఉత్పాతంలా కనిపించి అతిగా సరిచేస్తారు. రెండు మూడు వందల మీటర్ల ముందు చూస్తుంటే బండి అడుగో రెండడుగులో అటూ ఇటూ ఆడుతూనే మొత్తం మీద నేరుగా పోతుంది. ఆ ఆటను ఆడనివ్వండి.

గాలిమీదకు వాలడం

ఇక అసలు నైపుణ్యం. గాలి కుడినుంచి తోస్తే కుడి గ్రిప్పును ముందుకు నొక్కండి. ఎడమనుంచి తోస్తే ఎడమ గ్రిప్పును. ముందుకే నొక్కాలి, కిందకు కాదు. కుడి గ్రిప్పును ముందుకు నొక్కితే చక్రం క్షణకాలం ఎడమకు తిరిగి, ఆ వెంటనే బండి కుడికి వాలుతుంది. వేగంగా పోయే ప్రతి మోటారుసైకిలూ వాలేది ఇలాగే. ఇన్నాళ్లూ మీరు తెలియకుండా చేస్తున్నదే, గాలిలో తెలిసి చేయాలి.

నొక్కు ఎంత అన్నది గాలి చెబుతుంది. నిలకడ గాలికి చిటికెడు నొక్కు ఎప్పుడూ ఉంచాలి. విసురు వచ్చినప్పుడు పెంచాలి, పోగానే వదలాలి. ఈ వదలడమే కష్టం. చాలామంది నొక్కడం త్వరగా నేర్చుకుంటారు, వదలడంలో సెకను ఆలస్యమవుతారు. ఆ రోజు నేనూ ఆ సెకను దగ్గరే దెబ్బతిన్నాను. గాలి ఆగినట్టు చెవికి తెలుస్తుంది, హెల్మెట్ హోరు మారుతుంది. ఆ శబ్దానికి చేయి స్పందించేలా అలవాటు చేసుకోండి.

చాలాసేపు ఒకే వైపునుంచి వీస్తుంటే పై శరీరాన్ని కాస్త గాలి వైపు జరపండి. మీరు వాలితే బండి అంత వాలక్కరలేదు, నొక్కి నొక్కి చేయి నొప్పెట్టదు. గాలి వైపు మోకాలిని ట్యాంకునుంచి కొద్దిగా బయటకు తెరవడం కొందరికి సాయపడుతుంది. నాకు తేలికపాటి బండి మీద పనికొచ్చింది, బుల్లెట్ మీద తేడా తెలియలేదు.

వేగం, గేరు, రోడ్డు మీద చోటు

నాలుగు వరుసల రహదారి మీద మోటారుసైకిలుకు కేంద్రం పెట్టిన గరిష్ఠ పరిమితి 80 కిలోమీటర్లు. ఈదురుగాలిలో 60, 65 దగ్గర ఉండండి. మరీ 40కి దించేస్తే వెనుక నుంచి వచ్చే లారీలన్నీ మిమ్మల్ని దాటడం మొదలుపెడతాయి, దాటే ప్రతి లారీ గాలిలో ఒక మార్పు. 50 దగ్గర కూడా బండి అదుపులో లేదనిపిస్తే వేగం సర్దుకునే దశ దాటిపోయింది, ఆగాల్సిన సమయం వచ్చింది.

మామూలు కన్నా ఒక గేరు తక్కువలో నడపండి. ఇంజను కాస్త గట్టిగా లాగుతూ ఉంటే బండి నిలకడగా ఉంటుంది, అవసరమైనప్పుడు వెంటనే అందుకుంటుంది. విసురు తగలగానే యాక్సిలరేటర్ ఠక్కున వదిలేయడం, బ్రేకు మీద కాలు వేయడం చేయవద్దు. ఎప్పుడైనా హ్యాండిల్ గబగబా వణకడం మొదలైతే దాన్ని బలవంతంగా ఆపాలని చూడకండి. పట్టు వదులు చేసి, మోకాళ్లు అదిమి, యాక్సిలరేటర్‌ను నెమ్మదిగా తగ్గించండి. అదే సర్దుకుంటుంది.

వరుసలో ఎక్కడ ఉండాలన్నది గాలి దిక్కును బట్టి. గాలి తోసే వైపు ఖాళీ ఎక్కువ ఉండాలి. గాలి కుడినుంచి వస్తే వరుస మధ్యకు కాస్త కుడిగా, ఎడమనుంచి వస్తే మధ్యకు కాస్త ఎడమగా. అయితే ఎడమ అంచు దాకా జరగవద్దు. ఆ అంచున ఇసుక పేరుకుని ఉంటుంది, ఆగిన లారీలుంటాయి, ఎదురుదారిలో వచ్చే బళ్లుంటాయి, పంటల కాలంలో మొక్కజొన్నలు ఆరబోసి ఉంటాయి.

గాలి మారే చోట్లు

ఇక్కడ తీరిగ్గా చదవండి. మొదట లారీలు. గాలి ఎడమనుంచి వీస్తోంది, మీరు లారీని కుడివైపు నుంచి దాటుతున్నారు అనుకుందాం. లారీ వెనుక భాగం పక్కకు చేరగానే గాలి ఆగుతుంది. మీరు ఎడమకు వాలి ఉన్నారు కాబట్టి బండి లారీ వైపు జరుగుతుంది, లారీ తనలోకి లాగుతున్నట్టనిపిస్తుంది. అక్కడ ఎడమ చేతి నొక్కు వెంటనే వదలాలి. క్యాబిన్ దగ్గరకు వచ్చేసరికి లారీ ముందు భాగం చీల్చిన గాలి మిమ్మల్ని కుడికి తోస్తుంది. ఒక్క అడుగు ముందుకు పోగానే అసలు గాలి దానికి తోడవుతుంది. రెండూ కలిసి డివైడర్ వైపు విసురుతాయి. క్యాబిన్ తలుపు కనబడగానే ఎడమ చేయి నొక్కడానికి సిద్ధంగా ఉండాలి.

దాటే ముందే లారీకి చాలా వెనుక కుడి వరుసలోకి మారండి. ఎదర ఖాళీ ఉందని ఖాయం చేసుకుని, ఒక గేరు తగ్గించి, తడబడకుండా ఒక్క ఊపున దాటండి. పక్కపక్కనే నడవడం అన్నిటికన్నా చెడ్డది. దాటాక వెంటనే ఎడమకు తిరగకండి, గాలిని తట్టుకుని బండి నిలబడ్డాకే తిరగండి. గాలి కుడినుంచి వీస్తుంటే ఇంకో చిక్కు. మీరు గాలికీ లారీకీ మధ్య ఉంటారు, విసురు వస్తే చక్రాల వైపే తోస్తుంది. అప్పుడు డివైడర్‌కు దగ్గరగా, లారీకి వీలైనంత ఎడంగా ఉండాలి. అంత చోటు లేకపోతే దాటకండి.

మన రోడ్ల మీద లారీ కుడి వరుసలోనే పోతూ ఉంటుంది, ఎడమనుంచి దాటక తప్పదనిపిస్తుంది. గాలిరోజున ఆ పని మానుకోండి. హారన్ కొట్టి, దీపం వేసి, చోటిచ్చేదాకా వెనుక దూరంగా ఉండండి. కంటైనర్లు, వరిగడ్డి లారీలు, పత్తి లారీలు గోడలా గాలిని ఆపుతాయి. వాటి పక్కన మార్పు తీవ్రంగా ఉంటుంది. వాటి వెనుకా ఉండవద్దు, కట్లు తెగిన పట్టా గాలికి లేచి వెనుక వచ్చేవాడి ముఖానికి చుట్టుకుంటే ఏమవుతుందో చెప్పక్కరలేదు.

మిమ్మల్ని దాటే బస్సులు, లారీల విషయంలో అద్దాలే రక్ష. పెద్ద బండి వస్తున్నట్టు అద్దంలో కనబడగానే మోచేతులు వదులు చేసుకుని, అది ఏ వైపు గాలిని ఆపుతుందో, ఆగినప్పుడు బండి ఎటు జరుగుతుందో ముందే అనుకోండి. అనుకున్నది జరిగితే కంగారు ఉండదు. రెండు వరుసల రోడ్ల మీద ఎదురొచ్చే లారీ గాలి చెంపదెబ్బలా తగులుతుంది. అది దగ్గరకొచ్చే ముందు కొంచెం ఎడమకు జరిగి, తలను కాస్త వంచండి.

తర్వాత వంతెనలు. బీచుపల్లి దగ్గర కృష్ణ మీద, కర్నూలు దగ్గర తుంగభద్ర మీద, రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీద గాలికి అడ్డేమీ ఉండదు. నది పొడవునా పరుగెత్తి వచ్చిన గాలి వంతెన మీదే తగులుతుంది. వాతావరణ కేంద్రాలు గాలిని నేలకు పది మీటర్ల ఎత్తున కొలుస్తాయి. నేలమీద నడిపేటప్పుడు మీకు దానికన్నా తక్కువే తగులుతుంది, వంతెన మీద ఆ తగ్గింపు ఉండదు. వంతెన మొదలుకాక ముందే వేగం తగ్గించి, వరుసలో చోటు చూసుకుని, పెద్ద బళ్లను ముందుకు పోనిచ్చి ఎక్కండి. పైన ఎవరినీ దాటవద్దు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పులికాట్ సరస్సు మధ్యగా పోయే రోడ్డు కిలోమీటర్ల పొడవున ఇలాగే ఉంటుంది. రెండు వైపులా నీళ్లు, చెట్టు అడ్డం లేదు.

కొండను తొలిచి వేసిన రోడ్లలో గాలి ఆగిపోయినట్టుంటుంది, తొలిచిన గోడ అయిపోగానే మీద పడుతుంది. గోడ చివర ఎక్కడుందో కంటికి కనబడుతూనే ఉంటుంది, అక్కడికి చేరే ముందే నొక్కుకు సిద్ధపడాలి. ఊరి ఇళ్ల వరుస ముగిసే చోటు, చింతచెట్ల వరుస ఆగే చోటు, ఫ్లైఓవర్ పిట్టగోడ తగ్గే చోటు, టోల్‌గేటు కప్పు కింద నుంచి బయటపడే చోటు, ఇవన్నీ అలాంటివే. నడుపుతూ మనసులో అనుకుంటూ ఉండండి: అక్కడ గోడ అయిపోతుంది, కుడి చేయి. అక్కడ చెట్లు మొదలవుతాయి, చేయి వదులు.

ముందున్నవాటిని గుర్తులుగా వాడుకోండి. ఎదర దుమ్ము ఏ వైపు లేస్తోంది, గడ్డి ఎటు వాలింది, ముందు పోయే బండి ఎక్కడ ఊగింది, దాబా ముందు ఫ్లెక్సీ ఎటు కొట్టుకుంటోంది. మీకన్నా రెండు వందల మీటర్ల ముందున్న మోటారుసైకిలు ఒక చోట ఉలిక్కిపడితే, అదే చోట మీరూ ఉలిక్కిపడబోతున్నారు.

ఎదురుగాలి, వెనుకగాలి

ఎదురుగాలి అలసట పెంచుతుంది, పెట్రోలు తాగుతుంది, అంతకు మించి భయపడాల్సింది లేదు. ట్యాంకు మీదకు వంగి, పెట్రోలు బంకు ముందుగానే చూసుకోండి. వెనుకగాలి మాత్రం మోసం చేస్తుంది. హోరు తగ్గి, బండి సాఫీగా పోతూ, వేగం తెలియకుండా పెరుగుతుంది. బ్రేకు వేసినప్పుడు గాలి సాయం ఉండదు, ముందుకు తోస్తుంది కూడా. స్పీడోమీటరు చూసుకుంటూ, ముందు బండికి దూరం పెంచుకోండి.

వెనుక కూర్చునేవారు

గాలిరోజున వెనుక మనిషి లేకపోతే మంచిది. తప్పకపోతే బయలుదేరే ముందు మాట్లాడుకోండి. వారు మీకు దగ్గరగా, మీ భుజాల వెనుకే ఉండాలి. బండి వాలినప్పుడు భయపడి రెండో వైపుకు ఒరగకూడదు. ఒక పక్కకు తిరిగి కూర్చోవడం అసలు వద్దు. చున్నీ, పైట కొంగు జాకెట్టు లోపలకు దోపుకుని జిప్పు వేసుకోవాలి, గాలికి ఎగిరిన కొంగు వెనుక చక్రంలో పడితే ప్రాణం మీదకు వస్తుంది. భుజం మీద తట్టితే ఆగాలని ముందే ఒప్పందం చేసుకోండి, ఆ హోరులో మాట వినబడదు.

ఎప్పుడు ఆగాలి, ఎలా ఆగాలి

వరుసలో నిలవలేక గీత దాటుతుంటే ఆగాలి. విసురు విసురుకూ గుండె జారుతుంటే ఆగాలి. మెడ, ముంజేతులు నొప్పెడుతుంటే, దుమ్ముతో వంద మీటర్ల అవతల కనబడకపోతే, చినుకులు మొదలై రోడ్డు మొదటి తడితో జారుతుంటే ఆగాలి. ఉరుము వినబడితే ఆలోచించకుండా ఆగాలి. గాలిరోజున ముప్పావు గంటకు ఒకసారి ఎలాగూ దిగి, పది నిమిషాలు భుజాలు వదులు చేసుకుని, నీళ్లు తాగాలి. గాలి ఒంట్లోని తడిని తెలియకుండా పీల్చేస్తుంది.

రోడ్డు అంచున, చెట్ల కింద, ప్రకటన హోర్డింగుల కింద, కరెంటు తీగల కింద ఆగవద్దు. పక్కా కట్టడం ఉన్న దాబా గాని, పెట్రోలు బంకు ఆఫీసు గది గాని, టోల్‌గేటు దగ్గరి విశ్రాంతి చోటు గాని వెతుక్కోండి. జాతీయ రహదారి మీద చిక్కుకుంటే 1033కు, ప్రాణాపాయమైతే 112కు ఫోను చేయవచ్చు.

బండిని నిలపడంలోనూ లెక్కుంది. సైడ్ స్టాండు మీద బండి ఎడమకు వాలుతుంది కాబట్టి గాలి కుడివైపు నుంచి తగిలేలా నిలపండి, అది బండిని స్టాండు మీదకే నొక్కుతుంది. ఎడమనుంచి తగిలితే బండిని నిటారుగా లేపి అవతలికి పడేస్తుంది. మొదటి గేరులో ఉంచి, హ్యాండిల్‌ను ఎడమకు తిప్పి తాళం వేయండి. సెంటర్ స్టాండు గాలిలో అంత నమ్మదగినది కాదు. బండి మీద ముసుగు కప్పకండి, అదే తెరచాపవుతుంది. మెత్తటి నేలైతే స్టాండు కింద చదునైన రాయి పెట్టండి. హెల్మెట్‌ను అద్దానికి తగిలించకుండా చేత్తో పట్టుకుని లోపలికి వెళ్లండి.

గాలి తగ్గిందనిపించగానే లేవకండి. పావుగంట చెట్ల వైపు చూడండి. పెద్ద కొమ్మలు ఊగడం ఆగి, ఆకులు, చిన్న రెమ్మలు మాత్రమే కదులుతుంటే బండి తీయండి. సర్వీసు రోడ్డు మీద రెండు కిలోమీటర్లు నలభైతో నడిపి, చేతులు వదులుగా ఉన్నాయో లేదో చూసుకుని, అప్పుడు హైవే ఎక్కండి.